ఈ గుర్తు ఎవరు పెట్టారు?

జర్మన్ స్వరకర్త బాక్ ఆర్గన్ సంగీతం ఏ ప్రచురణలో కొనుక్కోవాలని విశాఖపట్నంలో అడిగేవాళ్లు ఎక్కువమంది ఉండరు. అడిగిన ఆ కొద్దిమందికీ రెండే సలహాలు దొరుకుతాయి. "అట్ట మీద ఉర్‌టెక్స్ట్ అని ఉంటే కళ్లు మూసుకుని కొనెయ్" అనేది ఒకటి. ఉర్‌టెక్స్ట్ అంటే ఎడిటర్ చేర్పులు లేని మూలపాఠం అని. "నెట్‌లో ఫ్రీగా ఉండగా డబ్బులెందుకు తగలేస్తావ్" అనేది రెండోది. రెండూ మంచి మనసుతో చెప్పేవే. కానీ నేర్చుకునే మనిషిని రెండూ సగం దారిలో వదిలేస్తాయి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పాత ఊరి వైపు ఒక చర్చిలో ఆదివారం ఆరాధనకి ఆర్గన్ వాయిస్తాను. పైపుల ఆర్గన్ కాదు. రెండు కీబోర్డులు, కాళ్ల కింద పూర్తి పెడల్ బోర్డు ఉన్న ఎలక్ట్రానిక్ ఆర్గన్. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు ఈ ఊళ్లో దిగారు. అంటే ఇక్కడ ప్రొటెస్టెంట్ ఆరాధనకి రెండు వందల ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. అయినా మా పాట ముఖ్యంగా చెవి నుంచి చెవికి వచ్చిన పాట. కీర్తన రాగాన్ని పెద్దవాళ్లు పాడుతుంటే పిల్లలు పట్టుకుంటారు. ఇంగ్లీషు హిమ్స్ పాడే క్వయిర్లలో డో-రే-మి అక్షరాలతో రాసే టానిక్ సోల్ఫా చదివేవాళ్లు ఉన్నారు. అయిదు గీతల స్టాఫ్ నొటేషన్ చదివేవాళ్లు తక్కువ. చేతులకి రెండు స్టాఫులు, కాళ్లకి మూడోది ఒకేసారి చదివేవాళ్లు మరీ తక్కువ.

ఇక్కడ పుస్తకం ఎంపిక ఇంత ముఖ్యమైన విషయం కావడానికి కారణం కూడా ఇదే. లైప్‌జిగ్‌లో నేర్చుకునే కుర్రాడి దగ్గర ఎలాంటి ప్రతి ఉన్నా పెద్ద నష్టం లేదు. పక్కన కూర్చున్న గురువు "ఆ స్లర్ వదిలెయ్, అది ఎవరో ఎడిటర్ పెట్టింది" అని ఒక్క మాటతో తేల్చేస్తాడు. స్లర్ అంటే నోట్లని కలిపి వాయించమని చెప్పే వంపు గీత. మన దగ్గర ఆ మాట చెప్పే మనిషి పక్కన ఉండడు. పేజీ మీద ఏది అచ్చయితే అదే వేదవాక్కు అయిపోతుంది. గురువు చెయ్యాల్సిన పని పుస్తకమే చెయ్యాలి.

అందుకని పుస్తకాన్ని నేను ఒకే ప్రశ్నతో పరీక్షిస్తాను. పేజీ మీద ఉన్న ఏ గుర్తు మీదైనా వేలు పెట్టి "ఇది ఎవరు పెట్టారు?" అని అడిగితే జవాబు ఆ పుస్తకంలోనే దొరకాలి. స్వరకర్త పెట్టాడా, శిష్యుడు పెట్టాడా, నకలు రాసుకున్నవాడు పెట్టాడా, అచ్చువేసేటప్పుడు ఎడిటర్ చేర్చాడా? ఇది తేల్చి చెప్పే పుస్తకం నాకు కావాలి. తేల్చని పుస్తకం ఎంత అందంగా ఉన్నా, అట్ట మీద ఎంత గొప్ప వాద్యకారుడి పేరు ఉన్నా, మొదటి పుస్తకంగా పనికిరాదు.

ఇది పండితుల పట్టింపు అనుకునేవాళ్ల కోసం ఒక ఉదాహరణ కాస్త దగ్గరగా చూపిస్తాను. శ్రమకాలంలో నేను తప్పకుండా వాయించేది బాక్ "ఓర్గెల్‌బ్యూఖ్లైన్" అనే సంపుటిలోని ఒక చిన్న కోరల్ (లూథరన్ ఆరాధన పాట మీద అల్లిన రచన), బీడబ్ల్యూవీ (బాక్ రచనల జాబితా) అంకె 622. మనిషి తన పాపానికి విలపించమని చెప్పే పాట అది. నిడివి 24 బార్లే. కుడిచెయ్యి ఒక కీబోర్డు మీద అలంకారాలతో నిండిన పాటని పాడిస్తుంది. ఎడమచెయ్యి రెండో కీబోర్డు మీద రెండు లోపలి గొంతుల్ని పట్టుకుంటుంది. కాళ్లు అడుగున నడుస్తాయి. మొదట్లో "అడాజియో అస్సాయ్" అని ఉంటుంది, అంటే చాలా నెమ్మదిగా. ముగింపుకి ఒక్క అడుగు ముందు సంగీతం అనుకోకుండా సి-ఫ్లాట్ మేజర్‌లోకి వెళ్తుంది. ఇ-ఫ్లాట్ మేజర్‌లో ప్రశాంతంగా సాగుతున్న చెవికి ఆ శ్రుతి ఎక్కణ్ణుంచి వచ్చిందో అంతుపట్టదు. సరిగ్గా ఆ చివరి చోట "అడాజిస్సిమో" అని ఉంటుంది. ఇంకా ఇంకా నెమ్మదిగా.

ఆ మాట ఎవరిది? మా చర్చిలో ప్రతిధ్వని దాదాపు లేదు. కిటికీలన్నీ తెరిచి ఉంటాయి, ఫ్యాన్లు తిరుగుతుంటాయి, బయట ఆటోల హారన్లు వినిపిస్తూనే ఉంటాయి. రాతి గోడల మధ్య పైపుల ఆర్గన్ మీద ఆ నెమ్మది తనంతట తాను నిలబడుతుంది. ఇక్కడ నోటు మీద నుంచి వేలు తియ్యగానే శబ్దం చచ్చిపోతుంది. అంత నెమ్మదిగా వెళ్తే పాట తెగిపోతుందేమో అన్న భయంతో చెయ్యి ముందుకి పరిగెత్తాలని చూస్తుంది. "అడాజిస్సిమో" ఎవరో పందొమ్మిదో శతాబ్దపు ఎడిటర్ సలహా అయితే దాన్ని పక్కన పెట్టి మా గదికి తగ్గట్టు వాయించే హక్కు నాకు ఉంటుంది. కానీ అది బాక్ స్వయంగా తన చేత్తో రాసిన మాట. ఆయన ఆర్గన్ రచనల్లో వేగం గురించి నోరు విప్పిన చోట్లే తక్కువ. అలాంటి మనిషి ఒక్క పేజీలో రెండుసార్లు చెప్పాడంటే నేను వినాల్సిందే. వేలు తియ్యకుండా, పక్క నోటుకి జరిగే క్షణాన్ని సాగదీసి, ఎలాగోలా ఆ నెమ్మదిని నిలబెట్టాలి. గుడ్ ఫ్రైడే రోజు ఆ చివరి బార్లు ఎలా వాయించాలన్నది నాకు తేల్చింది పుస్తకంలోని ఆ సమాచారమే.

అదే సంపుటిలో ఇంకో కోరల్‌కి పాత "వాద్యకారుల ప్రతి"లో "అందాంతే" అని, దాని కింద "మృదువుగా" అనే గుర్తు, పైన పొడుగాటి స్లర్ కనిపిస్తాయనుకోండి. అవి కూడా అదే సిరాతో, అదే సైజు అక్షరాలతో అచ్చయి ఉంటాయి. తెలియనివాడికి రెండింటికీ తేడా ఏముంటుంది? బాక్ ఆజ్ఞకీ, ఎడిటర్ అభిరుచికీ సమానంగా తలవంచుతాడు. ఒక్కోసారి తారుమారు కూడా అవుతుంది. ఎడిటర్ స్లర్‌ని శ్రద్ధగా పాటించి, బాక్ చెప్పిన నెమ్మదిని వదిలేస్తాడు.

"ఓర్గెల్‌బ్యూఖ్లైన్" చేతిరాత ప్రతి బెర్లిన్ స్టేట్ లైబ్రరీలో ఉంది. చాలావరకు వైమార్‌లో పనిచేసిన కాలంలో రాసుకున్నది. 164 కోరల్స్‌కి పేజీలు కేటాయించి, పైన పేర్లు రాసిపెట్టుకుని, 46 మాత్రమే పూర్తిచేశాడు. మిగతా పేజీలు పేరు కింద ఖాళీగానే ఉండిపోయాయి. ఒకచోట రెండు బార్లు రాసి ఆపేశాడు. కొన్ని చోట్ల పేజీలో జాగా చాలక, చివరి బార్లని నోట్లుగా రాయకుండా జర్మన్ అక్షరాల ట్యాబ్లెచర్‌లో ఇరికించాడు. ఇవన్నీ నాకు తెలిసింది పుస్తకం ముందుమాటలోనూ వెనక ఉన్న వ్యాఖ్యలోనూ చదివే. ఆ తర్వాత "బాక్ డిజిటల్" అనే సైట్‌లో ఆ పేజీల ఫోటోలు చూశాను, పైసా ఖర్చు లేకుండా. ఉచితంగా దొరికేవాటిలో అన్నిటికన్నా విలువైనది ఏ పాత ప్రచురణో కాదు, బాక్ చేతిరాతే. "ఫ్రీ" గురించి మాట్లాడేవాళ్లు ముందు దీన్ని చెప్పాలి.

ఇక ప్రచురణల సంగతి. దాదాపు ప్రతి ఆర్గనిస్టూ ఎప్పుడో ఒకప్పుడు చూసేది పీటర్స్ వాళ్ల అడ్డం పుస్తకాలు. 1844లో మొదలైన ఆ ప్రచురణకి గ్రీపెన్‌కెర్ల్, రోయిట్ష్ అనే ఇద్దరు ఎడిటర్లు. గ్రీపెన్‌కెర్ల్ గురువు ఫోర్కెల్. బాక్ మొదటి జీవితచరిత్ర 1802లో రాసింది ఆయనే. అంటే బాక్ కొడుకుల్ని ఎరిగిన మనిషికి ఈయన శిష్యుడు. ఆ కాలపు ప్రచురణల్లో పీటర్స్ సంపుటాలు మర్యాదగానే ఉంటాయి, ఎడిటర్ పెద్దగా పైన పడడు. అయితే నూట ఎనభై ఏళ్లలో కొత్తగా వెలుగులోకి వచ్చిన నకళ్లు, వాటి మీద జరిగిన పరిశోధన వాటిలో ఉండవు కదా. పైగా బీడబ్ల్యూవీ అంకెలు 1950లో వచ్చాయి కాబట్టి ఆ సంపుటాల వరుసకీ ఇప్పటి అంకెలకీ పొంతన ఉండదు. ఏది ఎక్కడుందో వెతుక్కోవాలి.

1850లో, బాక్ పోయిన నూరేళ్లకి, ఆయన రచనలన్నీ అచ్చువెయ్యాలని జర్మనీలో బాక్ సొసైటీ పెట్టారు. 1851 నుంచి 1899 దాకా సంపుటాలు తెచ్చారు. నెట్‌లో ఉచితంగా దొరికే బాక్ ఆర్గన్ పేజీలు చాలావరకు వీటి స్కాన్లే. చవక రీప్రింట్ల వెనక ఉన్నదీ తరచుగా ఇదే. ఇది చెత్త అనేవాళ్లతో నేను ఒప్పుకోను. గౌరవించాల్సిన పని. కానీ స్కాన్ దించుకునేవాడికి సాధారణంగా చేతికొచ్చేది ఆ ఒక్క రచన పేజీలే. ఏ నకలు చూశారు, ఎక్కడ సందేహపడ్డారు అనే ఎడిటర్ ముందుమాట ఎక్కడో వేరే ఫైల్‌లో, జర్మన్‌లో ఉండిపోతుంది. నా ప్రశ్నకి జవాబు చెప్పే పేజీలే చేతికి రావు.

ఇప్పుడు ద్యుప్రే. మార్సెల్ ద్యుప్రే పారిస్‌లోని మహా వాద్యకారుల్లో ఒకడు. బాక్ ఆర్గన్ రచనలన్నిటికీ వేళ్ల అంకెలు, కాళ్ల గుర్తులు వేసి ప్రచురించాడు. మడమ ఎక్కడ, మునివేలు ఎక్కడ, నోటు మీద ఉండగానే వేలు ఎప్పుడు మార్చాలి, అన్నీ ఉంటాయి. గురువు లేని పిల్లలకి ఇది వరంలా కనిపిస్తుంది. "మేస్టారూ, ఇందులో వేళ్లు కూడా రాసేసున్నాయండీ, ఇదే కొనేస్తాను" అని నా దగ్గర నేర్చుకునే అబ్బాయి ఎంత సంబరపడ్డాడో. నేను వద్దన్నాను. ఆ అంకెల వెనక ఒక సిద్ధాంతం ఉంది: నోటుకీ నోటుకీ మధ్య వెంట్రుకవాసి కూడా సందు ఉండకూడదు. అది బెల్జియన్ గురువు లెమ్మెన్స్ నుంచి ఫ్రెంచి ఆర్గనిస్టులు విడోర్‌కి, గిల్మాన్‌కి, వాళ్ల నుంచి ద్యుప్రేకి వచ్చిన పందొమ్మిదో శతాబ్దపు పాఠశాల. బాక్ కాలంలో మామూలు వాయింపు నోట్ల మధ్య చిన్న ఊపిరితో సాగేదని ఇప్పుడు చాలామంది వాద్యకారులు, పరిశోధకులు చెబుతున్న మాట. ఆ ఊపిరి ఉంటే వేళ్ల అంకెలే మారిపోతాయి. నోటు మీద వేలు మార్చే గారడీ అవసరం సగానికి సగం పోతుంది. ద్యుప్రే పుస్తకం పారిస్ బాక్‌ని ఎలా వాయించిందో చెప్పే గొప్ప సాక్ష్యం. రెండో పుస్తకంగా, మూడో పుస్తకంగా పక్కన ఉండాలి. మొదటిదిగా ఉంటే మాత్రం బాక్ ఎక్కడ ఆగాడో, ద్యుప్రే ఎక్కడ మొదలయ్యాడో ఎప్పటికీ తెలియదు.

వాద్యకారులు తెచ్చిన ప్రచురణలన్నీ అంతే అనుకోకండి. విడోర్, ఆల్బర్ట్ ష్వైట్సర్ కలిసి 1912 నుంచి తెచ్చిన సంపుటాలు చూడండి. ష్వైట్సర్ అంటే మనకి ఆఫ్రికా ఆస్పత్రి డాక్టరుగా, నోబెల్ శాంతి బహుమతి గ్రహీతగా తెలుసు. 1913లో లాంబరేనే వెళ్లకముందే ఆయన పేరున్న ఆర్గనిస్టు, బాక్ మీద పెద్ద గ్రంథం రాసినవాడు. వాళ్లిద్దరూ ఒక నియమం పెట్టుకున్నారు: స్వరాల పేజీ మీద తమ గుర్తు ఒక్కటి కూడా ఉండకూడదు. వేగం, శబ్దం, కీబోర్డు మార్పుల గురించి చెప్పాల్సినదంతా ముందుమాటలో వేరుగా చెప్పారు. చదువు, ఆలోచించు, నచ్చకపోతే వదిలెయ్. బాక్ పేజీ మాత్రం బాక్ పేజీగానే ఉంటుంది. ఆ సలహాల్లో చాలావాటితో ఈనాటివాళ్లు ఏకీభవించరు. నేనూ అన్నిటితో ఏకీభవించను. అయినా ఆ ప్రచురణ మీద నాకు అపారమైన గౌరవం. ఎడిటర్ ఎక్కడ నిలబడాలో తెలిసినవాళ్ల పని అది.

ఆ నియమాన్నే శాస్త్రంగా చేసింది 1954లో మొదలై 2007లో ముగిసిన కొత్త బాక్ సమగ్ర ప్రచురణ. దాన్ని అచ్చువేసింది బేరెన్‌రైటర్. అందులో ఎడిటర్ చేర్చిన ప్రతిదీ కంటికి వేరుగా కనిపిస్తుంది. మాటలైతే ఇటాలిక్ అక్షరాల్లో, స్లర్లయితే తెగిన గీతల్లో, మిగతా గుర్తులైతే చిన్న సైజులో. ఒకే పేజీ మీద రెండు గొంతులు, ఏది ఎవరిదో తెలిసేటట్టు. మామూలుగా దొరికే సంపుటాల్లో ఇంగ్లీషు ముందుమాట ఉంటుంది. ఏ గుర్తు ఏ ప్రతిలోదో చెప్పే పూర్తి విమర్శక నివేదిక మాత్రం వేరే పుస్తకం, అదీ జర్మన్‌లోనే. ఇది నిజమైన లోటు. గురువులేని చోట చదువుకునేవాడికి ఆ నివేదికే అందరికన్నా ఎక్కువ అవసరం. 2010 తర్వాత బ్రైట్‌కాఫ్ తెచ్చిన పది సంపుటాల కొత్త ప్రచురణ ఈ విషయంలో మనకి అనుకూలం. వ్యాఖ్య ఇంగ్లీషులోనూ ఉంటుంది, కొన్ని సంపుటాలకి అదనపు పాఠాలు డిస్క్‌లో ఇచ్చారు. అమెరికాలో వేన్ లియోపోల్డ్ వాళ్ల ప్రచురణలో ఆనాటి వాయింపు పద్ధతుల గురించి ఇంగ్లీషులో పెద్ద వ్యాసాలున్నాయి. ఈ మూడింటిలో ఏది కొన్నా నా ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. వాటి మధ్య ఎంపిక జేబుని బట్టి.

ఇంతా చెప్పి, మరి ఉర్‌టెక్స్ట్ అని చూసి కొనమంటే సరిపోదా? సరిపోదు. ఆ మాట అట్ట మీద వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వ్యాఖ్య లేకుండా, ఏ నకలు చూశారో చెప్పకుండా, శుభ్రమైన తెల్ల పేజీల్ని ఉర్‌టెక్స్ట్ అని అమ్మేవాళ్లు ఉన్నారు. గుర్తులు లేకపోవడం వేరు, ఎందుకు లేవో చెప్పడం వేరు.

సినిమా చూసిన ప్రతివాడికీ తెలిసిన డి మైనర్ టొకాటా అండ్ ఫ్యూగ్, బీడబ్ల్యూవీ 565, తీసుకోండి. దానికి బాక్ చేతిరాత ప్రతి లేదు. మనకి ఆధారం యోహానెస్ రింక్ అనే ఆయన రాసుకున్న నకలు. ఆయన బాక్ శిష్యుడు కూడా కాదు. కెల్నర్ అనే మరో ఆర్గనిస్టు శిష్యుడు. ఆ నకలులో పెడల్‌కి వేరే స్టాఫ్ లేదు. రెండే స్టాఫులు, కాళ్లతో వాయించాల్సిన చోట "పి" అని ఒక అక్షరం. పై స్టాఫ్ మనం చదివే ట్రెబుల్ క్లెఫ్‌లో (క్లెఫ్ అంటే ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు) కాకుండా సొప్రానో క్లెఫ్‌లో ఉంది. శ్రుతి గుర్తుగా ఉండాల్సిన ఫ్లాట్ కూడా లేదు. ఈనాటి అచ్చు పుస్తకాల్లో మూడు స్టాఫులు, ట్రెబుల్ క్లెఫ్, కాళ్లకి వేరే వరుస. ఆ "పి" ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఏ నోటు కాళ్లకి ఏది ఎడమచేతికి అన్నది ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. తేల్చింది ఎడిటర్. 1981లో పీటర్ విలియమ్స్ అనే పరిశోధకుడు అసలు ఈ రచన బాక్‌దేనా, ఆర్గన్ కోసం రాసిందేనా అని ప్రశ్నించాడు. ఆ వాదన ఇంకా తెగలేదు. మరి ఇక్కడ మూలపాఠం అంటే ఎవరి పాఠం? నిజాయితీ గల పుస్తకం ఈ కథంతా చెప్పి, "మేము ఇలా అనుకున్నాం" అంటుంది. లేని పుస్తకం శుభ్రమైన పేజీ చూపించి ఊరుకుంటుంది.

కర్ణాటక సంగీతం వినే ఇంట్లో పుట్టినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. త్యాగరాజు కృతులు వాలాజాపేట, తిల్లస్థానం, ఉమయాళ్‌పురం శిష్యపరంపరల్లో వేరువేరుగా వచ్చాయి. ఎవరి పాఠాంతరం వారిది. మంచి విద్వాంసుడు "నేను పాడుతున్నది ఫలానా పాఠం" అని చెబుతాడు. తెలుగు కావ్యాల పరిష్కర్తలూ అంతే, తాళపత్ర ప్రతుల్లో తేడాలుంటే పేజీ అడుగున ఇస్తారు. పాఠాంతరాల్ని దాచిపెట్టే పరిష్కర్తని మనం క్షమించం. ఆర్గన్ పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఆ పట్టుదల ఎందుకు వదులుకోవాలి?

"కింద కూర్చున్నవాళ్లకి ఎవరికి తెలుస్తుందండీ ఈ తేడాలన్నీ" అని సంఘ పెద్దల్లో ఒకాయన అన్నారు, ప్రేమగానే. తెలియకపోవచ్చు. ప్రసంగం చేసే అయ్యగారు హీబ్రూ పదానికి అర్థం చూసుకుని వచ్చారో లేదో కూడా చాలామందికి తెలియదు. ఆయన చూసుకునే వస్తారు.

డబ్బు సంగతికి వద్దాం, ఎందుకంటే నిజమైన అడ్డంకి అదే. ఒక మంచి సంపుటి ధర, పార్సిల్ ఖర్చు కలిపితే మా దగ్గర ఆర్గనిస్టుకిచ్చే నెల గౌరవ వేతనం దాటిపోతుంది. అందుకని అందరూ జిరాక్స్ వైపు వెళ్తారు. చట్టం ఏమంటుందో తెలుసుకుంటే మంచిది. మన దేశంలో రచయిత పోయిన ఏడాది తర్వాత అరవై ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. బాక్ రచన అందరిదీ. పీటర్స్ పాత ఎడిటర్ల పనీ, బాక్ సొసైటీ సంపుటాలూ ఇప్పుడు అందరివే. ష్వైట్సర్ 1965లో పోయాడు కాబట్టి ఆయన భాగానికి గడువు 2025తో ముగిసింది. ద్యుప్రే 1971లో పోయాడు. ఆయన వేసిన వేళ్ల అంకెలకి 2031 చివరిదాకా హక్కులున్నాయి. కొత్త ప్రచురణల్ని జిరాక్స్ చెయ్యడం ఆ పని చేసిన పరిశోధకుల కడుపు కొట్టడమే. పాతవాటిని నిస్సంకోచంగా తీసుకోవచ్చు.

తీసుకుంటే సరిగ్గా తీసుకోండి. ద్వారకానగర్‌లో ఏ జిరాక్స్ షాపుకెళ్లినా మొదట వచ్చే మాట "సార్, ఇది అడ్డం పేజీ అండి, ఏ4లో వేస్తే చిన్నదైపోద్ది" అనే. వాళ్లు చెప్పేది నిజం. మూడు స్టాఫుల పేజీని కుదిస్తే ఆర్గన్ స్టాండ్ మీద, కళ్లకి రెండడుగుల దూరంలో, అలంకారాల గుర్తులు చుక్కల్లా కనిపిస్తాయి. ఏ3 మీద ఒకవైపే వేయించి, మందపాటి కాగితం అడిగి, స్పైరల్ బైండింగ్ పై అంచున కాకుండా ఎడమ అంచున చేయించుకోవాలి. పల్చటి కాగితమైతే ఫ్యాన్ గాలికి నిలవదు. ఈ ఖర్చంతా కలిపి చూస్తే ఫ్రీ అన్నది అంత ఫ్రీగా ఉండదు.

బైండింగ్ గురించి ఇంకో మాట. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరులో కిటికీ అద్దాలు పోయి మా ఇంట్లో పుస్తకాల అర అంతా తడిసింది. దారంతో కుట్టిన పాత పీటర్స్ సంపుటిని ఆకు ఆకు మధ్య కాగితం పెట్టి ఆరబెడితే బతికింది. అట్ట వంకర పోయింది గానీ ఇప్పటికీ స్టాండ్ మీద బల్లపరుపుగా తెరుచుకుంటుంది. జిగురుతో అతికించిన చవక రీప్రింట్ పేజీ పేజీ ఊడిపోయింది. తుఫాను రాకపోయినా ఈ ఊరి ఉప్పు గాలి, చెమ్మ జిగురుని మెల్లగా అదే చేస్తాయి. కుట్టు బైండింగో కాదో కొనే ముందు అడగండి.

బాక్ తర్వాతి కాలానికి వస్తే ప్రశ్న అదే, జవాబు వెతికే చోటు మారుతుంది. మెండెల్సోన్ ఆరు సొనాటాలు, 1845లో అచ్చయినవి, తీసుకోండి. స్టాపులు, అంటే ఆర్గన్ ధ్వనుల్ని ఎంచుకునే మీటలు, ఎలా కలపాలో ఆయనే ముందుమాటలో చెప్పాడు: ఫోర్టిస్సిమో అంటే పూర్తి ఆర్గన్, పియానిస్సిమో అంటే మామూలుగా ఒక్క మెత్తని ఎనిమిది అడుగుల స్టాప్, మధ్యవి వాటికి తగ్గట్టు. ఎలక్ట్రానిక్ ఆర్గన్ మీద వాయించేవాడికి ఇంతకన్నా పనికొచ్చే పేజీ ఉండదు. ఆ ఒక్క పేజీ లేకపోతే లోపల ఉన్న "ఎఫ్"లు, "పి"లు సగం మూగవి. కాబట్టి మెండెల్సోన్ కొనేటప్పుడు చూడాల్సింది మొదట ఆ ముందుమాట.

సెజార్ ఫ్రాంక్ దగ్గర స్టాపుల పేర్లే రచనలో భాగం. ఆయన పారిస్‌లోని సెంట్ క్లోటిల్డ్ చర్చిలో కవాయే-కోల్ తయారుచేసిన ఆర్గన్‌ని, 1859 నాటిది, మనసులో పెట్టుకుని రాశాడు. పైన ఫ్రెంచిలో ఉండే ఆ వరుసల్ని "మన ఆర్గన్‌కి తగ్గట్టు" మార్చేసి అచ్చువేసిన ప్రతులు ఉన్నాయి. వాటిని ముట్టుకోవద్దు. మన ఆర్గన్‌కి తగ్గట్టు మార్చుకోవడం మన పని. మార్చడానికి ముందు ఆయన ఏమన్నాడో తెలియాలి. చివరి మూడు కోరల్స్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 1890లో వాటిని ముగించిన కొద్ది వారాలకే ఆయన పోయాడు, అచ్చు చూసుకోలేదు. విడోర్‌ది దీనికి తలకిందులు. దీర్ఘాయుష్కుడు, తన సింఫనీల్ని దశాబ్దాల తరబడి దిద్దుతూనే ఉన్నాడు. ఒకే పేరుతో, ఒకే ప్రచురణకర్త అట్టతో ఉన్న రెండు కాపీల్లో నోట్లు వేరుగా ఉండొచ్చు. పెళ్లిళ్లలో అందరూ అడిగే ఆయన టొకాటా మీ దగ్గరున్నది ఏ దిద్దుబాటో చెప్పే ప్రచురణ తీసుకోండి.

అన్నీ ఒకేసారి కొనడం ఎవరివల్లా కాదు. పెడల్ బోర్డు అందుబాటులో ఉన్నవాళ్లు "ఓర్గెల్‌బ్యూఖ్లైన్" ఉన్న ఒక్క సంపుటితో మొదలుపెట్టాలని నా మాట. చిన్న రచనలు, చేతిరాత ఆధారం ఉన్నవి, ఎడిటర్ ఊహకి తక్కువ చోటున్నవి. పేజీలు పక్కపక్కన పెట్టి బాక్ డిజిటల్‌లో చూసుకోవచ్చు కూడా. చాలామంది ఎనిమిది చిన్న ప్రిల్యూడ్ ఫ్యూగులతో మొదలుపెట్టమంటారు. అవి వాయించడానికి బాగుంటాయి, కాదనను. అవి బాక్ రాసినవేనా అన్నది మాత్రం సందేహం. ఆ సందేహాన్ని పుస్తకం చెబితే హాయిగా వాయించుకోండి.

పెడల్ లేని మామూలు కీబోర్డు మాత్రమే ఉన్నవాళ్లు ఈ ఊళ్లో ఎక్కువ. వాళ్లకి పెద్ద రచనల్ని కుదించిన "ఈజీ" ప్రతులు అంటగడుతుంటారు. అవసరం లేదు. బాక్ 1739లో తన కళ్లముందు అచ్చువేయించిన క్లావియర్-ఉబుంగ్ మూడో భాగంలో పెద్ద కోరల్స్ పక్కనే పెడల్ అక్కర్లేని చిన్నవీ ఉన్నాయి, వాటికి "మాన్యువలిటర్" అని పేరు. వాటితోపాటు రెండు గొంతుల డ్యూయెట్లు నాలుగు, బీడబ్ల్యూవీ 802 నుంచి 805 దాకా. అవన్నీ నాలుగు ఆక్టేవుల్లోనే నడుస్తాయి, ఇంట్లో ఉండే 61 కీల కీబోర్డు ధారాళంగా సరిపోతుంది. డ్యూయెట్లు అనగానే తేలిక అనుకోకండి, ముఖ్యంగా మొదటిది. రోజుకి రెండు బార్ల చొప్పున, ఒక్కో చెయ్యి విడివిడిగా చెయ్యండి.